జ్ఞాపకానికి గడువు: భారత నమూనా సర్వేల్లో ఒక ప్రశ్న చరిత్ర

దేశంలో పేదలు ఎందరన్న ప్రశ్నకు వచ్చే జవాబు ప్రజలు చేసే ఖర్చు మీద ఎంత ఆధారపడుతుందో, ఆ ఖర్చును అడిగి తెలుసుకునే తీరు మీదా అంతే ఆధారపడుతుందని భారత గణాంకవేత్తలు చాలా ముందే గ్రహించారు. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను నెలకొల్పిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర ఆచార్యులు కావడం వల్ల, ఏ కొలతనైనా దానిలోని దోషం ఎంతో చెప్పకుండా స్వీకరించరాదన్న ప్రయోగశాల నియమాన్ని ఆయన ఆర్థిక పరిశోధనలోకి తీసుకువచ్చారు.

1937లో బెంగాల్‌లో జనపనార సాగు విస్తీర్ణాన్ని అంచనా కట్టే పని మొదలైనప్పుడు ఆయన నమూనా పద్ధతిని, అంటే ఎవరి ఇష్టాయిష్టాలకూ తావులేకుండా ఎంపికైన కొద్ది భాగాన్ని పరిశీలించి మొత్తాన్ని లెక్కగట్టే పద్ధతిని అనుసరించారు. ఒకే ప్రాంతం నుంచి రెండు నమూనాలు తీసి, పరస్పర సంబంధం లేని రెండు బృందాలకు అప్పగించి, వాటి ఫలితాల మధ్య తేడాను బట్టి క్షేత్ర సిబ్బంది పొరపాట్ల పరిమాణాన్ని పట్టుకోవడం ఆయన చేసిన గొప్ప ఏర్పాటు.

వరి దిగుబడిని అంచనా కట్టడానికి మహలనోబిస్ పొలంలో చిన్న వలయాలు గుర్తించి వాటిలోని పంటను కోయించి తూచే పద్ధతి వాడగా, గణాంకవేత్త పి.వి. సుఖాత్మే 1946లో దాన్ని ప్రశ్నించారు. చుట్టుగీత మీద నిలిచిన దుబ్బు లోపలిదా బయటిదా అన్న సందేహం వచ్చినప్పుడు కోసేవారు దాన్ని లోపలికే చేర్చుకుంటారనీ, వలయం చిన్నదయ్యేకొద్దీ అంచులోని దుబ్బుల వాటా పెరిగి దిగుబడి ఎక్కువగా కనిపిస్తుందనీ ఆయన వాదన. తర్ఫీదు పొందిన సిబ్బంది చేతిలో ఆ దోషం పెద్దది కాదని మహలనోబిస్ సమాధానం. కోసేవాడి కొడవలిని కూడా కొలత సాధనంలో భాగంగా చూసిన ఈ వాదం అర్థశాస్త్ర విద్యార్థులందరూ చదవదగినది.

1950లో జాతీయ నమూనా సర్వే ఆరంభమయ్యాక, హద్దుకు ఏది లోపల, ఏది బయట అన్న అదే చిక్కు మనిషి జ్ఞాపకం రూపంలో ఎదురైంది. కుటుంబం తిన్న బియ్యమెంత అని అడిగేటప్పుడు గడచిన వారానికి అడగాలా, నెలకు అడగాలా? గడువు ఎక్కువైతే మరుపు తగులుతుంది. తక్కువైతే అంతకుముందు కొన్నది కూడా ఆ వారం ఖాతాలోకే వచ్చి చేరుతుంది. పశ్చిమ బెంగాల్‌లో కొన్ని కుటుంబాల వాడకాన్ని స్వయంగా తూచి చూసినప్పుడు, నెల గడువుతో అడిగిన లెక్కే తూకానికి దగ్గరగా ఉందని మహలనోబిస్, ఎస్.బి. సేన్ 1954లో ప్రకటించారు. ముప్ఫై రోజుల గడువు అలా స్థిరపడి, దశాబ్దాల లెక్కలను ఒకదానితో ఒకటి పోల్చడానికి వీలు కల్పించింది.

ఆ గడువు పాతబడిందన్న విమర్శ వల్ల 1994–98 మధ్య ప్రయోగాత్మకంగా కొన్ని కుటుంబాలను ఆహారంపై ఏడు రోజులకే అడగగా, లెక్కకు వచ్చిన పేదల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. ప్రజల బతుకులో ఏ మార్పూ లేదు. మారింది ప్రశ్న ఒక్కటే. ఇంత తెలిసి కూడా 1999–2000 సర్వేలో ఒకే కుటుంబాన్ని రెండు గడువులకూ పక్కపక్క గడుల్లో అడిగారు. రెండు జవాబులూ పొసగేలా చెప్పడం, రాసుకోవడం సహజం కాబట్టి నెల గడువు లెక్క మునుపటి లెక్కతో పోల్చదగినదిగా మిగలలేదు. అయినా పేదరికం 36 శాతం నుంచి 26 శాతానికి తగ్గిందన్న అధికారిక ప్రకటన ఆ లెక్క మీదే నిలిచింది.

అడిగే తీరు మారని వంటచెరకు వంటి పద్దుల ఆధారంగా ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ ఆ లెక్కను సవరించి, గ్రామీణ పేదరికం అధికారికంగా చెప్పిన 27.1 కాదు, 30.2 శాతమని తేల్చారు. ఆ పద్దులకూ మొత్తం ఖర్చుకూ మధ్య సంబంధం మారలేదన్న ఊహ మీదే ఈ సవరణ నిలుస్తుంది కాబట్టి అభిజిత్ సేన్ వంటివారు దాన్ని తప్పుపట్టి, తగ్గుదల డీటన్ లెక్క కంటే కూడా స్వల్పమేనన్నారు. అయితే ఊహను బయటపెట్టి పరీక్షకు నిలిపిన లెక్కే, ఒప్పయినా తప్పయినా, శాస్త్రానికి పనికివస్తుంది.

అడిగే తీరు 2022–23 సర్వేలో మళ్లీ మారింది: ప్రతి కుటుంబం దగ్గరికీ మూడుసార్లు వెళ్లి, మూడు ప్రశ్నావళులతో ఖర్చు అడిగారు. ఆ అంకెలను 2011–12 నాటి అంకెల పక్కన నేరుగా పెట్టి పేదరికం ఇంత తగ్గిందని చెప్పడం, రెండు పద్ధతులనూ ఒకే కాలంలో పక్కపక్కన పరీక్షించిన ఆధారం లేనంతవరకూ, చెల్లదు.