చేపల తొట్టికి తోడు

గాజు తొట్టిలో తేటనీరు నింపి, రంగురంగుల చేపలను విడిచిన గృహస్థునకు ఒక్కొక్కప్పుడు ఆశాభంగము కలుగుచుండును. నీరు నిర్మలముగనే కనబడును, మేతకు లోపముండదు. అయినను కొలది దినములలో చేపలు ఒకటొకటిగా నీటిపై తేలును. పొరుగింటి పాత తొట్టిలో మాత్రము అవే జాతి చేపలు సుఖముగ నుండును. ఈ భేదమునకు గల కారణము తేటపడుటకు శాస్త్రలోకమునకు 40 సంవత్సరములు పట్టినది. ఆ చరిత్రలో ఒక తండ్రియు, ఆయన కుమారుడును కలరు.

లండనులోని అపోథెకరీస్ సొసైటీలో రసాయనజ్ఞుడైన రాబర్ట్ వారింగ్టన్ 1849లో 12 గ్యాలనుల పాత్రలో రెండు బంగారు చేపలను, వాలిస్నేరియా అను నీటిమొక్కను ఉంచెను. చేపలకు కావలసిన ప్రాణవాయువును మొక్క యిచ్చునని ఆయన యూహ. కాని కొంతకాలమునకు ఆకులు కుళ్ళి నీరు కలక బారెను. అంతట ఆయన చెరువు నత్తలను తెచ్చి విడువగా, అవి ఆ కుళ్ళును తిని నీటిని తేటపరచెను. 1850లో ఈ ఫలితమును ఆయన కెమికల్ సొసైటీకి నివేదించెను. చేప, మొక్క, నత్త — ఈ మూడింటికి తోడు కంటికి కానరాని నాలుగవ పక్షమొకటి ఆ పాత్రలో కలదని ఆనాడు ఎవరును ఎఱుగరు.

చేపల విసర్జనములనుండి పుట్టు అమోనియా వానికే విషము. 1877లో ఫ్రాన్సు దేశీయులైన ష్లోసింగ్, మ్యుంట్జ్ అనువారు మురుగునీటిని ఇసుక, సున్నపురాళ్ళ గుండ మెల్లగా పారించిరి. కొన్నాళ్ళకు అందలి అమోనియా నైట్రేటుగా మారజొచ్చెను. క్లోరోఫారము ఆవిరి సోకగనే ఆ మార్పు నిలిచిపోయెను. ఆవిరిని తొలగించినను మరల మొదలుకాలేదు. సారవంతమైన మట్టిని కలిపిన నీటిని కొంచెము చేర్చిన పిమ్మటనే అది తిరిగి సాగెను. ఇది జీవుల పనియే యని దీనివలన స్పష్టమైనది. పాత తొట్టి క్రొత్త తొట్టికి చేయు సాయమునకు ఇదియే తొలి నిదర్శనమని మేము తలచుచున్నాము.

తండ్రి పేరే గల కుమారుడు రాబర్ట్ వారింగ్టన్, రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయమున ఈ కృషిని కొనసాగించి, ఒక జీవి అమోనియాను నైట్రైటుగను, మరియొకటి నైట్రైటును నైట్రేటుగను మార్చునని చూపెను. నైట్రైటు సైతము చేపలకు హానికరమే. నైట్రేటు అంత ప్రమాదకరము కాదు. ఆ జీవులను వేరుపరచుట ఆయనకు సాధ్యపడలేదు. 1890లో రష్యను శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ ఆ కార్యమును నెరవేర్చెను. తండ్రి తొట్టిలో దాగిన రహస్యమును కుమారుడు పొలము మట్టిలో వెదకెనన్నమాట. రెండు పనులను తానే చేయు బాక్టీరియా కూడ కలదని 2015లో తేలినది.

పాత పెరుగు చుక్క లేనిదే పాలు తోడుకొనవని మన గృహిణులకు తెలియును. క్రొత్త తొట్టియు అట్టిదే. ఐతే ఈ బాక్టీరియా నీటిలో కంటె ఇసుకను, రాళ్ళను, ఫిల్టరులోని స్పాంజిని అంటిపెట్టుకొని యుండును. కావున పాత తొట్టి నీటిని బిందెలతో మోయుటవలన ప్రయోజనము స్వల్పము. స్పాంజిని, గుప్పెడు గులకరాళ్ళను తడి ఆరకుండ తెచ్చి వేయవలెను. క్లోరిను గల కుళాయి నీట కడుగరాదు. రోగమున్న తొట్టినుండి తెచ్చినచో రోగమును వెంటవచ్చును. తోడు లేని తొట్టి కుదురుకొనుటకు సాధారణముగ నాలుగు నుండి ఆరు వారములు పట్టును; తోడున్నచో ఆ కాలము తగ్గును. అప్పుడును ఒకటి రెండు చేపలతో ప్రారంభించి, పరీక్షలో అమోనియా, నైట్రైటు రెండును కనబడని పిమ్మటనే తక్కినవానిని విడుచుట క్షేమము.