చెరిగిపోయే గీతల చరిత్ర

పాంపేయి శిథిలాల్లో దొరికిన రెండు కుడ్యచిత్రాలు ఇప్పుడు నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి. రెండూ క్రీస్తుశకం మొదటి శతాబ్దానివే. ఒకదానిలో ఒంటరిగా ఒక యువతి. ఒక చేతిలో మైనం పూసిన పలకలు, మరో చేతిలో పెదవికి ఆనించిన మొనదేలిన కడ్డీ. 1760లో బయటపడిన ఈ బొమ్మకి ‘సాఫో’ అని పేరు పెట్టేశారు. ఆమె గ్రీకు కవయిత్రి సాఫో అనడానికి ఆధారమేమీ లేదు. రెండో చిత్రంలో భార్యాభర్తలున్నారు. భర్త చేతిలో పపైరస్ చుట్ట, భార్య చేతిలో అవే పలకలు, అదే కడ్డీ. ఈమె ఇంటి పద్దులో వ్యాపారం లెక్కలో రాసి ఉంటుందని వ్యాఖ్యాతలు తరచూ చెబుతుంటారు. వస్తువు ఒకటే. ఒంటరి స్త్రీ చేతిలో ఉంటే కవిత్వం, భర్త పక్కన కూర్చున్న స్త్రీ చేతిలో ఉంటే పద్దు!

ఆ కడ్డీ పేరు లాటిన్‌లో స్టిలుస్. ‘స్టైల్’ అన్న మాటా, ఇవాళ తెర మీద బొమ్మలు గీసే ‘స్టైలస్’ అన్న మాటా అందులోంచి వచ్చినవే. దానికి ఒక కొన వాడిగా ఉంటుంది, రాయడానికి. రెండో కొన చదునుగా ఉంటుంది, మైనాన్ని సాపు చేసి రాసింది చెరపడానికి. మన గంటానికి ఈ చెరిపే పని లేదు. తాటాకు మీద గీరి మసి పూశాక ఆ గీత ఆకు ఉన్నన్నాళ్లూ ఉంటుంది. నిలిచే గీత, చెరిగే గీత అన్న ఈ తేడాని స్త్రీల వైపు నుంచి చూడాలి. మన ఇళ్లల్లో ఆడవాళ్ల గీతలు ఎక్కువగా చెరిగిపోయే చోటే పడ్డాయి. ఇవాళ వాకిట్లో వేసిన ముగ్గు రేపటి చీపురు కింద పోతుంది. చుక్కలు లెక్కపెట్టి నోటుపుస్తకాల్లో ఎక్కించుకున్న ముగ్గుల్ని చిత్రకళ అనుకుని దాచే అలవాటు మనకి లేదు.

కంప్యూటర్ తెర మీద గీత చరిత్ర చెప్పేవాళ్లు 1963లో లైట్ పెన్‌తో పనిచేసిన ఇవాన్ సదర్లాండ్ ‘స్కెచ్‌ప్యాడ్’తోనూ, 1964 నాటి ర్యాండ్ టాబ్లెట్‌తోనూ మొదలుపెడతారు. అది సరైనదే, కానీ అక్కడితో సరిపోదు. లిలియన్ ష్వార్ట్జ్ 1968 నుంచి బెల్ లాబ్స్‌లో కంప్యూటర్ చిత్రాల మీద పనిచేసింది. ఉద్యోగినిగా కాదు, ‘రెసిడెంట్ విజిటర్’ అన్న పేరుతో. ఎన్నేళ్లు పనిచేసినా ఆ పేరు ప్రకారం ఆమె అతిథే. బార్బరా నెసిమ్ 1982లో న్యూయార్క్‌లో టైమ్ సంస్థ యంత్రాల మీద గీయడం మొదలుపెట్టింది. పగలు అవి ఉద్యోగులవి, కాబట్టి ఆమెకి మిగిలింది రాత్రి. అందరి పనీ అయ్యాక దొరికే ఆ సమయం గురించి రాసుకునే స్త్రీలకి వేరే చెప్పక్కర్లేదు.

సుసాన్ కేర్ 1983లో యాపిల్‌లో చేరి మాకింటాష్ కోసం చిహ్నాలు గీసింది. గళ్ల కాగితం మీద ఒక్కో గడీ నింపుతూ గీసిన బొమ్మలవి. ఈ పనిని ఆమె అల్లికతోనూ మొజాయిక్‌తోనూ పోల్చింది. చుక్కలు లెక్కపెట్టి ముగ్గు వేసే చేతికి ఆ పోలిక వెంటనే అర్థమవుతుంది. ఆమె స్కెచ్‌పుస్తకం పేజీలు 2015లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియానికి చేరాయి. మొదటి చిత్తుగీతలు నిలిచింది కాగితం మీదే అన్నది గమనించాలి.

ఇక ఇ-రీడర్. 1997లో అమెరికాలో ఎం.ఐ.టి. మీడియా లాబ్ నుంచి వచ్చినవాళ్లు ఇ-ఇంక్ సంస్థ పెట్టారు. తెరలోని అతి చిన్న గుళికల్లో తెల్ల, నల్ల రేణువులుంటాయి. విద్యుదావేశాన్ని బట్టి ఏవి పైకి వస్తే ఆ రంగు కనిపిస్తుంది. ఒకసారి పైకి వచ్చాక కరెంటు లేకపోయినా బొమ్మ అలాగే నిలుస్తుంది. 2004లో సోనీ లిబ్రియే జపాన్‌లో వచ్చింది, చదవడానికి మాత్రమే. 2006లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ఐరెక్స్ ఇలియడ్‌కి స్టైలస్ కూడా ఉంది. 2017లో నార్వే నుంచి రిమార్కబుల్, 2022లో అమెజాన్ కిండిల్ స్క్రైబ్ వచ్చాయి. చదివే పరికరం గీసే పలక అయింది. నలుపు తెలుపు తెరల్లో సాధారణంగా పదహారు బూడిద ఛాయలే. గీత చెరిపినా దాని నీడ ఒక్కోసారి తెర మీద మిగులుతుంది. పూర్తిగా రిఫ్రెష్ చేస్తే గాని పోదు. రంగుల పనికి, వేగంగా గీసే పనికి మామూలు టాబ్లెట్లే మేలు. పెన్సిల్ స్కెచ్‌కి మాత్రం ఈ తెర బాగా ఒదుగుతుంది.

స్త్రీలకి ఇందులో ఇంకో సౌకర్యం ఉంది. దూరం నుంచి చూసేవాళ్లకి ఆమె పుస్తకం చదువుతున్నట్టే ఉంటుంది. ఏం గీస్తున్నావని ఎవరూ అడగరు. పందొమ్మిదో శతాబ్దపు బెంగాల్‌లో రాససుందరీ దేవి పుస్తకంలోంచి తీసిన ఒక పేజీని, కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకుని వంటింట్లో దాచుకుని దొంగచాటుగా చదువు నేర్చుకుంది. ఆ మరుగు అవసరం ఇప్పటికీ తీరలేదు.

అయితే మరుగుకి, మరుపుకి దూరం తక్కువ. వంటింట్లో దాచిన తాటాకు తాళం ఆమె దగ్గరే ఉంది. పరికరంలోని బొమ్మల తాళం చాలాసార్లు కంపెనీ ఖాతాలో ఉంటుంది. ఐరెక్స్ 2010లో దివాలా తీసింది. కంపెనీ పోయాక అలాంటి పరికరాల్లో మిగిలిన గీతలకి దిక్కెవరు? ముగ్గుని చీపురు తుడిచింది, వీటిని పాస్‌వర్డ్ తుడుస్తుంది. పైగా ముగ్గు పోయినా చెయ్యి మిగిలింది, తల్లి నుంచి కూతురికి వచ్చింది. ఫైలుకి అలాంటి వారసత్వం లేదు.

కాబట్టి గీసేవాళ్లు తేదీ వేసి, ఏ పరికరంలోనైనా తెరుచుకునే పీడీఎఫ్‌గానో పీఎన్‌జీగానో వేరే చోట దాచుకోవాలి. నచ్చినవి కాగితం మీద అచ్చు తీయాలి. ఇది మొదటి పని. రెండోది మనలాంటి పరిశోధకులది. రచయిత్రుల రాతప్రతులు సేకరించేటప్పుడు అంచుల్లోని బొమ్మల్ని, ముగ్గుల పుస్తకాల్ని, ఇప్పుడు ఈ ఫైళ్లని కూడా అడిగి తీసుకోవాలి. కేటలాగులో వాటికి ఆమె పేరుతో, తేదీతో ఒక వరుస ఉండాలి. లేకపోతే మళ్లీ ఎవరో రెండు వేల ఏళ్ల తర్వాత స్టైలస్ పట్టుకున్న స్త్రీ బొమ్మ చూసి, ఆమె ఏం గీసి ఉంటుందో తమకి తోచింది చెబుతారు.