పుర్రె కొలతల నుంచి జనం గుండెల దాకా

మద్రాసు ఎగ్మూరు మ్యూజియానికి 1885 నుంచి 1908 దాకా సూపరింటెండెంటుగా ఉన్న ఎడ్గర్ థర్‌స్టన్‌కు మనుషుల తలలు, ముక్కులు కొలవడమంటే వ్యసనం. ఆ విద్యను మద్రాసు పోలీసులకూ నేర్పాడు. నేరగాడు పుట్టుకతోనే నేరగాడని, పుర్రె, దవడ చూస్తే తెలిసిపోతుందని ఇటలీ వైద్యుడు లాంబ్రోసో 1876లో చెప్పిన మాట చెల్లుబాటవుతున్న రోజులవి. లాంబ్రోసో మనిషి ఒంట్లో వెతికిన దోషాన్ని ఇక్కడి సర్కారు కులంలో వెతికింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో ఎరుకల తెగవాళ్లను సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ కాపలాలో ఉంచారు. మద్రాసులో ఆ చట్టం 1947లో రద్దయినా ఆ ఊరివాళ్ల మీద అనుమానం అంత తేలిగ్గా పోలేదు.

సిద్ధాంతం మాత్రం పుట్టుకను వదిలి పరిస్థితుల వైపు జరిగింది. ఆశాభంగమే దౌర్జన్యంగా మారుతుందని 1939లో యేల్ యూనివర్సిటీలో జాన్ డోలార్డ్ బృందం వాదించింది. పిల్లలు దౌర్జన్యాన్ని చూసి నేర్చుకుంటారని 1961లో ఆల్బర్ట్ బండూరా బొమ్మతో చేసిన ప్రయోగం చూపింది. 1988లో ఆటో శంకర్ ముఠా హత్యలు బయటపడ్డప్పుడు మద్రాసులో కొందరు సినిమాలను తప్పుపట్టింది ఈ తర్కంతోనే. అయితే ఆ సినిమాలే చూసిన లక్షలమంది హంతకులు కాలేదెందుకన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. శంకర్‌ను 1995లో సేలం జైల్లో ఉరితీశారు.

నేరగాడి మనసు కోసం ఇంత వెతుకులాట జరిగినా, చూసే జనం మనసు మీదికి శాస్త్రం దృష్టి ఆలస్యంగా మళ్లింది. 1952లో హత్యకు గురైన ఆళవందార్ అనే మద్రాసు మనిషి శవం రైల్లో ట్రంకుపెట్టెలో దొరికింది. అతను ఆడవాళ్లతో నడుచుకున్న తీరు బయటికి రాగానే జనం జాలి ఆ హత్య కేసు ముద్దాయిల వైపు తిరిగింది. శిక్షలు ఏడేళ్లు, మూడేళ్లతో సరిపోయాయి. ఎవరికి జరిగింది వాళ్లకు తగిందేనని నమ్మితే లోకం భద్రంగా కనిపిస్తుందని తర్వాత మనస్తత్వవేత్త మెల్విన్ లెర్నర్ వివరించాడు. 2016 జూన్ 24న చెన్నై నుంగంబాకం రైల్వే స్టేషన్లో పట్టపగలు ఒక యువతిని నరికి చంపినప్పుడు ఆ నమ్మకమే వికృతంగా బయటపడింది: కొందరు ఆమె నడవడి మీదే వదంతులు పుట్టించారు.

ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్లు కదల్లేదేమని నగరం మండిపడింది. చుట్టూ మంది పెరిగేకొద్దీ ఎవరో ఒకరు చూసుకుంటారులే అన్న ధీమా పెరుగుతుందని 1968లో మనస్తత్వవేత్తలు డార్లీ, లటానే తేల్చారు. కానీ 2019లో వచ్చిన ఒక అధ్యయనం ఆమ్‌స్టర్‌డామ్, కేప్‌టౌన్, లాంకాస్టర్ వీధి కెమెరాల్లో 219 గొడవలను పరిశీలిస్తే, పదింట తొమ్మిదిసార్లు కనీసం ఒక్కరైనా అడ్డుపడ్డారని తేలింది. అవి వేరే వీధులు, వేరే గొడవలు. అయినా గుంపు అనగానే గుండెలేనిదని తీర్పు చెప్పడం తొందరపాటే. నిలబడిపోయిన జనాన్ని తర్వాత తిట్టడం కంటే, ఆ క్షణంలో ఒక మనిషికి వేలు చూపించి "మీరు పోలీసులకు ఫోన్ చేయండి" అనడం మేలు. పని ఒకరి పేరున పడితే తప్పుకోవడం కష్టం.