గర్భిణికి మూర్ఛ: రెండు భయాల నడుమ ఒక వైద్యచరిత్ర

గర్భిణికి వచ్చే ఫిట్స్ అన్నీ ఒకే జబ్బు కావన్న గ్రహింపు ఐరోపా వైద్యంలో పంతొమ్మిదో శతాబ్దం నడిమికి గాని బలపడలేదు. 1843లో లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు జాన్ లీవర్, కాన్పు వేళ ఫిట్స్ వచ్చిన స్త్రీల మూత్రంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు పోతున్నదని చూపాడు. దానితో, గర్భం వల్లనే పుట్టే ఎక్లాంప్సియాను, అంటే తెలుగునాట గుర్రపువాతమనే వ్యాధిని, అంతకుముందే ఉన్న మూర్ఛవ్యాధి నుంచి వేరుచేసి చూడడానికి ఒక ఆధారం దొరికింది.

మూర్ఛకు పనిచేసిన తొలి మందు కూడా కాన్పుల వైద్యుడి ద్వారానే వచ్చింది. విక్టోరియా రాణికి పురుళ్లు పోసిన చార్లెస్ లోకాక్, నెలసరి వేళ మూర్ఛలు వచ్చే స్త్రీలకు పొటాషియం బ్రోమైడ్ ఇస్తే తగ్గాయని 1857లో ఒక వైద్యసభలో చెప్పాడు. మూర్ఛకు లైంగిక ఉద్రేకం కారణమన్న ఆనాటి తప్పు నమ్మకం ఆ చికిత్స వెనుక ఉన్నా, మందు మాత్రం నిజంగానే పనిచేసింది. ఆ తరువాత 1912లో ఫినోబార్బిటాల్, 1938లో ఫెనిటోయిన్ వచ్చాయి.

1968లో బ్రిటిష్ వైద్యుడు రాయ్ మెడో, ఇటువంటి మందులు వాడిన తల్లులకు పుట్టిన కొందరు బిడ్డల్లో గ్రహణం మొర్రి వంటి లోపాలు కనిపిస్తున్నాయని హెచ్చరించాడు. 1982లో ఫ్రాన్స్‌లోని లియాన్ పరిశోధకులు, పిండదశలో వెన్ను సరిగా మూసుకోని లోపానికి వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛమందుతో ఉన్న సంబంధాన్ని బయటపెట్టారు. ఈ హెచ్చరికలు ఎంతో అవసరమైనవి. అయితే మందు వల్ల బిడ్డకు కలిగే హాని మీద నిలిచినంత దృష్టి, మందు హఠాత్తుగా మానేసిన తల్లికి ఎడతెగని మూర్ఛలు వచ్చి ఇద్దరి ప్రాణాలకూ ముప్పు కలగడం మీద నిలవలేదు.

ఆ లోటును పూడ్చడంలో భారతదేశానికి గౌరవప్రదమైన స్థానం ఉంది. 1998లో తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో సంజీవ్ థామస్ నేతృత్వాన, మూర్ఛవ్యాధి ఉన్న గర్భిణుల వివరాలను క్రమంగా నమోదుచేసే కేరళ రిజిస్ట్రీ మొదలైంది. అందులో దాదాపు సగం గర్భాలు ఒక్క మూర్ఛైనా రాకుండా గడిచాయి. గర్భం దాల్చడానికి ముందు నెలలో మూర్ఛ వచ్చినవారికి ముప్పు చాలా ఎక్కువని, కాన్పు చుట్టూ ఉండే మూడు రోజులు అన్నిటికంటే ప్రమాదకరమైనవని తేలింది. నిద్రలేమి, వాంతులు, మానేసిన మాత్రలు ఇందుకు తోడ్పడే కారణాలు. పైగా గర్భంలో కాలేయం, మూత్రపిండాలు చురుకెక్కి లామోట్రిజిన్ వంటి మందులను త్వరగా బయటికి పంపేయడం వల్ల రక్తంలో వాటి స్థాయి పడిపోతుంది.

వైద్యం ఇలా సాగుతుండగా, చట్టం మాత్రం కఠినంగా ఉండేది. 1976 సవరణ ద్వారా హిందూ వివాహ చట్టం, పదేపదే వచ్చే మూర్ఛను పెళ్లికి అనర్హతగా పేర్కొంది. ఆ మాట తొలగించడానికి 1999 దాకా పట్టింది. జబ్బును దాచి పెళ్లి చేసిన ఇళ్లలో కోడలు మాత్రలను కూడా దాచుకోవలసి వచ్చేది, కాబట్టి ఆ నిబంధన కలిగించిన హాని కోర్టుల్లో నడిచిన వివాహ రద్దు దావాలతో ఆగలేదు.

ఇక మళ్లీ వైద్యం వైపు చూస్తే, 2020లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, మూర్ఛవ్యాధి ఉన్నవారిలో మూర్ఛలు పెరిగినవారు గర్భిణుల్లో 23 శాతం, గర్భం లేని స్త్రీలలో 25 శాతం మాత్రమే. కానీ ఆ గర్భిణుల్లో 74 శాతం మందికి మందు మోతాదు మార్చవలసి వచ్చింది, మిగతావారిలో అది 31 శాతమే. అలా పెంచిన మోతాదును కాన్పు తరువాత మళ్లీ తగ్గించకపోతే మందు ఒంట్లో ఎక్కువై, పసిబిడ్డను ఎత్తుకోవలసిన తల్లికి మత్తూ తలతిరుగుడూ వస్తాయి.