ఆన్‌లైన్ వేలంలో దొంగ పాట

పాత నాణేలు, తపాలా బిళ్లల వంటి సేకరణ వస్తువుల వేలంలో పాటదారుల పోటీయే ధరను నిర్ణయిస్తుంది. అమ్మకందారు తన మనుషులతోనో, మారుపేరు ఖాతాలతోనో పాడించి ధర పెంచడమే దొంగ పాట. అమెరికాలో 2000 మే నెలలో ఈబే వేలంలో ఒక చిత్రపటం ధర 1,35,805 డాలర్లకు చేరింది. దొంగ పాట బయటపడి విక్రయం రద్దయింది. 2001లో ఇద్దరు నిందితులు నేరం అంగీకరించారు.

భారతదేశంలో 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, ఆ హక్కు తనకుందని ముందుగా ప్రకటించకుండా అమ్మకందారు పాడటం, పాడించడం చట్టవిరుద్ధం. బూటకపు పాటతో ధర పెంచితే కొనుగోలును రద్దు చేసుకునే హక్కు కొనుగోలుదారుకు ఉంటుంది. ఒకే అమ్మకందారు వస్తువులకు పదేపదే పాడి, చివరకు తప్పుకునే ఖాతాలను అనుమానించాలి. పాటల వివరాలను భద్రపరచుకుంటే అవే సాక్ష్యమవుతాయి.