ఉన్మాదాలయముల దస్తరములు

చరిత్ర వ్రాయువారికి శాసనములు, కైఫియతులు, యాత్రికుల దినచర్యలు చిరపరిచితములు. పిచ్చాసుపత్రుల చిట్టాలను ఆ వరుసలో చేర్చువారు అరుదు. కాని పందొమ్మిదవ శతాబ్దపు నిరుపేదను గూర్చి ఇంత వివరముగా వ్రాసిన కాగితములు అంత సులభముగా దొరకవు.

1858 నాటి 36వ చట్టము ప్రకారము, దిక్కులేక తిరుగు ఉన్మత్తుని పోలీసులు పట్టి మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెను. వైద్యుని ధ్రువపత్రము చూచి అతడు ఆసుపత్రికి పంపవలెను. రోగి వెంట ఒక వివరణపత్రము పోవును: పేరు, కులము, వృత్తి, వయస్సు, రోగకారణము. ఏటేట ఈ పత్రముల సారము అంకెలై అచ్చుపడెడిది. చెన్నపురి, విశాఖపట్టణము, కోళికోడులలోని మూడు ఉన్మాదాలయములకు కలిపి చెన్నరాజధాని ప్రభుత్వము వార్షిక నివేదికలు ప్రకటించెను. ఉత్తరాంధ్రపు అభాగ్యుల జాడ వానిలోనే వెదకవలెను.

ఆ అంకెలను నమ్మవచ్చునా? దీనికి ప్రభుత్వము నియమించిన సంఘమే సమాధానము చెప్పినది. 1893లో ఏర్పడిన గంజాయి విచారణ సంఘము, అంతకు ముందటి యేడు ఆసుపత్రులలో చేరిన 1,344 మంది లెక్కలు తీసినది. వారిలో 222 మందికి గంజాయి మొదలగు మాదకముల వలన పిచ్చి పట్టినదని చిట్టాలు చెప్పినవి. ఒక్కొక్క ఉదంతమును మరల విచారింపగా 98 మాత్రమే నిలిచినవి; అందును వేరు కారణము కలియనివి 61. తక్కినవి ఎట్లు పుట్టినవి? ‘కారణము’ అను గడిని ఏదో ఒకటి వ్రాసి నింపవలెను గదా! రోగి గంజాయి త్రాగునని వినబడినచో గడి నిండెను. పోలీసు వ్రాసినది మేజిస్ట్రేటు కచేరి దాటి ఆసుపత్రి చిట్టాకెక్కెను. మూడుచోట్ల కనబడినంత మాత్రమున అది మూడు సాక్ష్యములు కాదు. మన పరిశోధకులు శాసనపాఠముల విషయములో చూపు జాగ్రత్త ఇక్కడ కూడ చూపవలెను.

అట్లని ఈ దస్తరములను త్రోసివేయరాదు. కారణము వినికిడి; తిండి, పని, మరణము వ్రాయువాని కంటి యెదుటివి. ఆ పట్టికలు గట్టివి. రోగులచే చేయించిన పనికి వెల కట్టి, ఆసుపత్రి వ్యయముతో సరిపోల్చిరి. మన కథకులు పిచ్చివాని నోట తత్త్వము పలికింతురు. ఈ నివేదికలలో అతని పలుకు వినబడుట మిక్కిలి అరుదు, అతని కూలి విలువ మాత్రము కలదు.

వీనిలో పెక్కింటిని స్కాట్లండు జాతీయ గ్రంథాలయమువారు అంతర్జాలమున నుంచిరి. విశాఖపట్టణపు పుటలు తెరచువారు మొదట ‘కారణము’ గడిని చేతితో కప్పి, మిగిలిన గళ్లు చదువవలెనని నా మనవి.