ఇంద్రియజ్ఞానం: బొగ్గుగనిలో
కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం ద్వారా పరిసరాలను గ్రహించే శక్తిని ఇంద్రియజ్ఞానం అంటారు. మంచిర్యాల జిల్లా నస్పూర్ పరిసరాల్లోని సింగరేణి భూగర్భ గనుల్లో కార్మికుల ప్రాణరక్షణకు ఇది నిత్యావసరం. క్యాప్‌ల్యాంపు వెలుగు పడినంత మేరకే కన్ను పనిచేసే ఆ చీకటిలో, పైకప్పును కడ్డీతో తట్టినప్పుడు ఖంగుమంటే రాయి గట్టిగా ఉందనీ, డొల్లగా మోగితే పొర విడిపోయిందనీ అనుభవమున్న చెవి పోల్చుకుంటుంది. రెండో చేతిని కప్పుకు ఆనిస్తే, చెవికి అందని అదురు సైతం వేళ్లకు తెలుస్తుంది. బొగ్గు తనంతట తాను వేడెక్కుతున్నప్పుడు వచ్చే కిరోసిన్‌లాంటి వాసనను ముక్కు పట్టగలదు గానీ, గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలే మీథేన్‌కూ, ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్‌కూ వాసన లేనందున అక్కడ వాయువును పసిగట్టే పరికరాన్నే నమ్మాలి. ఇంతగా ఆదుకునే ఇంద్రియాలకు గనిపని హాని కూడా చేస్తుంది; వాటిలో బాధాకరమైనది చెవికి జరిగే నష్టం: యంత్రాల మోతకు ఏళ్ల తరబడి గురైతే, ధ్వనిని నాడీసంకేతంగా మార్చే లోపలి చెవి రోమకణాలు నశిస్తాయి, అవి తిరిగి పుట్టవు.